మందు మానను

ఇప్పలబోడు హాస్టలు వంటమనిషి విశ్రాంతమ్మ పరగడుపునే తాగుతుందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. కల్లు కూడా కాదట, బ్రాందీ. బియ్యం డబ్బా వెనక క్వార్టరు సీసా ఉంటుందట. పప్పు పొయ్యి మీద పెట్టేముందు ఒక గుక్క, దించాక ఒక గుక్క వేస్తుందట. పదకొండు గంటలయ్యేసరికి ముక్కూ బుగ్గలూ పండు మిరపకాయలైపోతాయట. నెలకోసారి మంగళవారం నాడు ఖమ్మం పోయి సీసా నింపుకొస్తుందట. కారేపల్లి స్టేషను దగ్గర టీకొట్టతను ఆమె చేతిసంచిలో ఆ సీసాను కళ్ళారా చూశాడట. నోటి వాసన తెలియకుండా ముఖానికి తడిగుడ్డ కట్టుకొని వంట చేస్తుందట. ఆడమనిషికి ఈ అలవాటు ఎక్కడైందని ఎవరైనా అడిగితే దానికీ జవాబు సిద్ధంగా ఉండేది. "వాళ్ళ గుళ్ళె ఆదివారం ఆదివారం గిన్నెల పోసి తాగిస్తరు గదా. చిన్నప్పటి సంది తాగుతున్నది. ఇగ మానుతదా?"

ఇందులో కొన్ని నిజాలే. ముఖం ఎర్రబడటం నిజం. సీసా నిజం. ఖమ్మం పోవడం, తడిగుడ్డ కట్టుకోవడం నిజం. నాలుగు నిజాలు ముందు పెట్టుకొని వచ్చింది కాబట్టే ఆ అబద్ధాన్ని ఎవరూ ఆపి అడగలేదు.

విశ్రాంతమ్మది బోనకల్ దగ్గర మిరపచేల పల్లె. ఐదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మాని పొయ్యి దగ్గర కూర్చుంది. అప్పటి నుంచి పొయ్యి ఆమెను వదల్లేదు. పెళ్ళై కారేపల్లి వైపు వచ్చింది. భర్త సవరయ్య రైల్వేలో గ్యాంగుమన్ను, మాట తక్కువ మనిషి. ఊరికి ఆనుకొని అడవి మొదలయ్యే చోట సర్కారు ఆడపిల్లల హాస్టలు పెట్టినప్పుడు, డెబ్భై ఏడులో, ఆమె వంటకు కుదిరింది. తొంభై మంది పిల్లలు. అందరూ కోయగూడేల నుంచి, లంబాడీ తండాల నుంచి వచ్చినవాళ్ళు. రేకుల కప్పు కింద మూడు రాతి పొయ్యిలు, అడవి కట్టెలు, ఒక్క చిన్న కిటికీ. తొమ్మిదేళ్ళలో ఆమె వండిన అన్నంలో రాయి తగిలిందని ఒక్క పిల్ల చెప్పలేదు. తొమ్మిదేళ్ళూ ఆమె దినకూలీ మనిషే.

ముప్ఫై ఐదో ఏట ఎండాకాలంలో ముఖం మంట మొదలైంది. తాలింపులో ఎండుమిరపకాయలు వేయగానే బుగ్గలు భగ్గుమనేవి. మొదట్లో చన్నీళ్ళు కొట్టుకుంటే తగ్గేది. తర్వాత తర్వాత తగ్గడం మానేసింది. ముక్కు మీద, చెంపల మీద, గడ్డం మీద ఎరుపు అలాగే నిలిచిపోయింది. కారం పూసి తుడవకుండా వదిలేసినట్టు రోజంతా మంట. ఆ ఎరుపు మీద ఆడపిల్లలకు వయసులో వచ్చేలాంటి పొక్కులు లేచాయి. కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉండేది.

అప్పుడు ఊరంతా వైద్యులే. హాస్టలుకు పాలు పోసే పద్మావతమ్మ, కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబపు ఆవిడ, పాల క్యాను దింపి విశ్రాంతమ్మ గడ్డం పట్టుకొని వెలుతురుకు తిప్పి చూసింది.

"అయ్యో అయ్యో, ఇదేమిటే తల్లీ! నిమ్మకాయ రసంలో పసుపు కలిపి మందంగా పట్టించు. మా చిన్నదానికి మొటిమలు మూడు రోజుల్లో రాలిపోయాయి."

విశ్రాంతమ్మ పట్టించింది. మొటిమలు రాలలేదు గానీ చర్మం చిట్లింది. రెండు రోజులు అన్నం నమలడానికి నోరు తెరవలేకపోయింది. ఇది సర్పి అని ఇంకెవరో అన్నారు. సర్పి లేస్తే కుమ్మరి చేత జాజు పూయించుకోవాలి, అది ఆ ఊరి పద్ధతి. కుమ్మరి సీతయ్య ఎర్రమన్ను తడిపి, ఏదో గొణుక్కుంటూ ఆమె చెంపల మీద గీతలు గీశాడు. ఎర్ర ముఖానికి ఎర్ర మన్ను. హాస్టలు పిల్లలు వరుసలో కూర్చొని కంచాలతో నోళ్ళు మూసుకొని నవ్వారు. ఆమె వాళ్ళకు పప్పు వడ్డించింది. పిల్లల మీద కోపం రాలేదు. సీతయ్య మీద కూడా రాలేదు, పాపం అతను తనకు తెలిసింది చేశాడు. కోపం తన ముఖం మీద వచ్చింది. తను చేయని తప్పుకు తన ముఖమే సాక్ష్యం చెబుతున్నట్టు ఉండేది.

ఆ తర్వాత కారేపల్లిలో ఒక ఆరెంపీ డాక్టరు తెల్ల ట్యూబు ఒకటి ఇచ్చాడు. పొద్దున, సాయంత్రం పూయమన్నాడు. వారంలో ముఖం తెల్లబడింది. మంట లేదు, పొక్కులు లేవు. సవరయ్య అద్దం తెచ్చి చేతిలో పెట్టాడు. పద్మావతమ్మ "పెళ్ళికూతురులా ఉన్నావే" అంది. విశ్రాంతమ్మ ఆ ట్యూబును సువార్త పుస్తకం పక్కన పెట్టుకుంది. ఒకటి అయిపోతే ఇంకొకటి, అలా ఎనిమిది నెలలు. మెల్లగా ఒక పూట పూయకపోతే ముఖం మునుపటికంటే ఎక్కువ మండటం మొదలుపెట్టింది. చర్మం కింద సన్నటి ఎర్ర నరాలు దారాల్లా కనిపించాయి. చివరికి బియ్యంలో రాళ్ళు కనిపించనంతగా కళ్ళు ఎర్రబడ్డాక సవరయ్య తన రైల్వే పాసు మీద ఖమ్మం తీసుకుపోయాడు.

పెద్ద దవాఖానలో మంగళవారం చర్మం డాక్టరమ్మ కూర్చునేది. కళ్ళద్దాల వెనక అలసిన కళ్ళు, బల్ల ముందు గుమ్మం దాటిన వరుస. ట్యూబు చేతిలోకి తీసుకొని చదివింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి పూస్తున్నావు?"

"ఎనిమిది నెలలు, డాక్టరమ్మా."

డాక్టరమ్మ ట్యూబును చెత్తబుట్టలోకి విసిరింది. దాని చప్పుడుకు వరుసలో వాళ్ళు తలలెత్తారు. "ఇచ్చినవాడికి బుద్ధి లేదు. నీ చర్మాన్ని ఉల్లిపొర చేశాడు. విను. దీన్ని రోజేషియా అంటారు. అంటుకోదు. ఎవరి పాపమూ కాదు. పూర్తిగా పోదు, కానీ అణిగి ఉంటుంది. ఈ ట్యూబు ఆపాక నెలా నెలన్నర ఇంకా రేగుతుంది. భయపడి మళ్ళీ అదే పూశావంటే నా దగ్గరికి రాకు."

గొట్టాలు రాసింది. గొట్టాలంటే క్యాప్సూళ్ళు. పరగడుపున ఒకటి, సాయంత్రం ఒకటి, మంచినీళ్ళతో. పాలతో గానీ మజ్జిగతో గానీ వేసుకుంటే ఒంటికి పట్టవని రెండుసార్లు చెప్పింది. పైన పూయడానికి గులాబీ రంగు లోషను. ఇక చేయకూడనివి చెప్పడం మొదలుపెట్టింది. ఎండలో తిరగొద్దు. కారం తగ్గించు. పొగలు కక్కే టీ తాగొద్దు. పొయ్యి దగ్గర నిలబడొద్దు.

విశ్రాంతమ్మకు చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ళ ముందు గొంతు లేవదు. ఆ రోజు లేచింది.

"పొయ్యి కాడ నిలబడకుండ తొంభై మందికి అన్నం ఎట్ల వండాలె డాక్టరమ్మా? గది గూడ చీటీ మీద రాయి."

సవరయ్య ఆమె మోచెయ్యి గిల్లాడు. డాక్టరమ్మ కలం ఆపి ఆమెను చూసింది. ఇప్పటిదాకా ముఖాన్ని చూసింది, ఇప్పుడు మనిషిని చూసింది. చీటీ వెనక్కి తిప్పింది.

"మీ వంటిల్లు గీయి. తలుపెటు? పొయ్యిలెటు?"

అలా వరుసలో జనం గొణుగుతుండగా చీటీ వెనక వంటిల్లు తయారైంది. పొయ్యిలు తలుపు పక్కకు రావాలి. గరిటెకు మూర పొడుగు కామ ఉండాలి. కుండలో నీళ్ళు పెట్టుకొని గుడ్డ తడిపి ముఖానికి కట్టుకోవాలి. తాలింపు చివరన, మూత పెట్టి, ముఖం పక్కకు తిప్పి. ఎండ ఎక్కకముందే వంట అయిపోవాలి. "కలబంద గుజ్జు పూసుకోవచ్చా?" అని విశ్రాంతమ్మ అడిగితే డాక్టరమ్మ ముందు మోచేతి లోపల రెండు రోజులు పూసి చూడమంది. మండకపోతేనే ముఖానికి. నిమ్మకాయ పేరెత్తితే చేతులు జోడించింది.

మందుల కిటికీ దగ్గర కాంపౌండరు పెద్ద జాడీ వంచబోయి ఆగాడు.

"సీసా ఏది?"

"ఏం సీసా?"

"లోషను దోసిట్లె పోయాల్నా ఏంది? సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలె. జరుగు జరుగు, ఎన్కోళ్ళు రాండి."

ఆ రోజు లోషను లేకుండానే తిరిగొచ్చింది. రైల్లో దారిపొడవునా కిటికీ వైపు ముఖం పెట్టుకొని కూర్చుంది. ఎండ పడుతుందని సవరయ్య తువ్వాలు అడ్డం పెట్టాడు.

ఇంట్లో ఉన్నవి రెండే సీసాలు. ఒకదాంట్లో కిరసనాయిలు, ఇంకోదాంట్లో గుళ్ళో దీవించిన నీళ్ళు. హాస్టలు వార్డెను వెంకటప్పయ్య గది కిటికీ కింద ఊడ్చేది కూడా విశ్రాంతమ్మే. అక్కడ వారానికి మూడో నాలుగో దొరికేవి, పలచగా, మూత గట్టిగా పట్టేవి, జేబులో పట్టే క్వార్టరు సీసాలు. వెంకటప్పయ్య సాయంత్రాలు తాగుతాడని హాస్టల్లో పిల్లలకు కూడా తెలుసు. ఎవరూ అనరు. ఎంత తాగినా అతని ముఖం ఇస్త్రీ చొక్కాలా ఉండేది. ముఖం ఎర్రబడని మనిషిని తాగుబోతు అనడానికి ఊరికి నోరు రాలేదు.

వాటిలో ఒక సీసాను ఆమె బూడిదతో మూడుసార్లు తోమి, వేడినీళ్ళు పోసి ఎండబెట్టింది. కాగితం కొబ్బరిపీచుతో గీకితే సగమే ఊడింది. మిగతా సగం అలాగే అంటుకుపోయింది. మరుసటి మంగళవారం అందులోనే లోషను పోయించుకొచ్చింది.

ట్యూబు ఆపాక డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. నెలన్నర పాటు ముఖం కాలిన మొక్కజొన్న పొత్తులా పగిలింది. విశ్రాంతమ్మ పొయ్యిలను తన చేత్తోనే పీకి తలుపు పక్కన మట్టితో కట్టుకుంది. తడిగుడ్డ కట్టుకుంది. మిరపకాయలు దంచడం మాని మిల్లుకు పంపింది. టీ చల్లార్చి తాగింది. కలబంద మోచేతికి పడింది, ముఖానికీ పడింది. రోజూ పొద్దున్నే ఒక మట్ట కోసి, పచ్చ సొన కారిపోనిచ్చి, గుజ్జు తీసేది. గొట్టం మాత్రం ఒక్క పూట తప్పలేదు.

ఆ నెలన్నరలోనే ఒక పొద్దున వెంకటప్పయ్య వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది విశ్రాంతమ్మా, మొఖం గట్లయింది?"

"మందు మారింది సార్. పాతది ఆపితే గిట్ల లేస్తదన్నది."

"ఓహో. ఎప్పుడేసుకుంటవ్?"

"పొద్దుగాల పరగడుపున సార్. మళ్ళ మాపటికి ఒకటి."

"నీళ్ళు కలుపుకొనా?"

"నీళ్ళతోనే. పాలు, మజ్జిగ పనికిరావన్నది. మందు లేకపోతే ఒక్క రోజు గూడ నిలబడలేకున్న సార్."

వెంకటప్పయ్య గుమ్మం పట్టుకొని నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆమెకు అర్థం కాలేదు. ఆ సాయంత్రానికి ఆ మాటలు టీకొట్టు దగ్గరికి చేరాయి, ఒక్క అక్షరం మారకుండా. మార్చాల్సిన అవసరమే లేకపోయింది.

కొన్ని నెలలకు, కట్టెలు తెచ్చే లంబాడీ రూప్లి మోపు దింపి, గాజులు మోచేతి పైకి తోసుకుంటూ చెప్పింది.

"విశ్రాంతక్కా, నాకో చుక్క పోయరాదే. నీ ఒక్కదానికేనా?"

"ఏం చుక్క?"

"ఊరంత ఎరుక. పరగడుపున ఏసుకుంటవంట, మాపటికి ఏసుకుంటవంట. మజ్జిగ కలిపితే కిక్కు ఎక్కదంటవంట. ఇప్పపూల కాడ పుట్టినదాన్ని, నాకే తెల్వదు గా సంగతి!"

విశ్రాంతమ్మ చేతిలో గరిటె ఆగింది. నవ్వుతున్న రూప్లి ఆమె కళ్ళు చూసి నవ్వు ఆపేసింది.

"ఎవరన్నరు?"

"అందరన్నరు. నేను నమ్మలే అక్కా. నమ్మితే నవ్వుకుంట చెప్తనా? కని సంగతి అది కాదు. పర్మినెంటు లిస్టుల నీ పేరు కొట్టేసి, వార్డెను సారు తన బామ్మర్ది పెండ్లాం పేరు రాసిండంట. నువ్వు తాగి వంట చేస్తవని పైకి రిపోర్టు పోయిందంట. జిల్లా మేడం వస్తది సోమారం నాడు."

ఆ మాటకు ముఖం భగ్గుమంది. ఇది పొయ్యి సెగ కాదు. కోపం వస్తే కూడా ముఖం రేగుతుందని డాక్టరమ్మ చెప్పింది, మనసు చల్లగా ఉంచుకోమంది. విశ్రాంతమ్మ తడిగుడ్డ పిండి ముఖం మీద వేసుకొని అలాగే నిలబడింది. మనసు చల్లగా ఎట్లా ఉంటుంది? ఇప్పుడు కోపం తెచ్చుకుంటే ముఖం ఎర్రబడుతుంది. ముఖం ఎర్రబడితే తాగిందంటారు. తాగిందంటే కోపం వస్తుంది. తప్పించుకోవడానికి దారి లేకుండా ఎవరో తెలిసి కట్టినట్టుంది. తొమ్మిదేళ్ళ దినకూలీ తర్వాత వస్తున్న ఒక్క కాగితం. పండక్కి సెలవిస్తే కూలి పోతుందని భయపడకుండా ఉండే బతుకు. అది ఒక ఎర్ర ముక్కు చూసి కొట్టేస్తారా?

వార్డెనుకు తెలియదని ఆమె ఒక్క గడియ సరిపెట్టుకోవాలని చూసింది. మాట ఒకటే గదా, పొరపడి ఉంటాడని. కానీ నెల నెలా ఖమ్మం పోవడానికి ఆమె ఇచ్చిన సెలవు కాగితాలు అతని బల్ల సొరుగులోనే ఉన్నాయి. 'పెద్ద దవాఖానకు' అని ఆమె తన గుండ్రటి అక్షరాలతో రాసినవి. ఒక్కోదాని కింద అతని సంతకం ఉంది. అతను పొరపడలేదు.

సోమవారం పొద్దున మేడం రాకముందే వెంకటప్పయ్య ఆమెను గదిలోకి పిలిచాడు. బల్ల మీద కాగితం ఉంది.

"సంతకం పెట్టు. నీ మంచికే చెప్తున్న. తప్పు ఒప్పుకుంటే దినకూలీ అయినా ఉంటది. లేకుంటే అది గూడ పోతది."

ఆమె సంతకం పెట్టేసి పోతుందనుకున్నాడు. ఆమె కాగితం తీసుకొని, వేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. 'నేను ఇకమీదట మందు ముట్టనని, ముట్టినచో ఉద్యోగములోనుండి తొలగించుటకు సమ్మతించుచున్నానని' అని ఉంది.

"మందు ముట్టనని నేనెందుకు రాస్త సార్?"

"మరి ముడుతనని రాస్తవా?"

"ముడుత. మందు మానితే నా మొఖం పగులుద్ది. మాన్పియ్యడానికి నువ్వు డాక్టరువా?"

అతన్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. అన్నాక ఇద్దరూ ఒక క్షణం ఆ మాటనే చూస్తున్నట్టు నిలబడ్డారు. బయట జీపు ఆగింది.

జిల్లా నుంచి వచ్చిన ప్రమీలారాణి మేడం పొట్టి మనిషి, అరచేతిలో రుమాలు, అడుగు వేగం. స్టోరు చూసింది, పిల్లల గదులు చూసింది, వంటింట్లోకి వచ్చి పప్పు గరిటెతో ఎత్తి రుచి చూసింది. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. విశ్రాంతమ్మ ముఖాన్ని మాత్రం కాసేపు చూసింది. పన్నెండు కావస్తోంది, రేకుల కింద సెగ, పైన కోపం. ముఖం ఎలా ఉండాలో అలాగే ఉంది.

"నువ్వేనా విశ్రాంతమ్మవి? నీ మీద రిపోర్టు వచ్చింది తెలుసా?"

"తెలుసు మేడం."

"మందు మానేస్తావా?"

"మానను మేడం."

వెనక నిలబడ్డ వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "చూశిన్రా మేడం. మీ ముందే అంటున్నది."

మేడం కనుబొమలు లేచాయి. "ఎందుకు మానవు?"

"రెండు పూటలు ఆపితే మళ్ళ మొదటికొస్తది."

"రోజూ ఎంత తాగుతావు?"

"తాగేది కాదు మేడం. రెండు మింగేటివి, ఒకటి పూసేది."

మేడం గరిటె కింద పెట్టింది. "పూసేదా?"

విశ్రాంతమ్మ బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టింది. ఊరు చెప్పుకున్న చోటే సీసా ఉంది. చల్లగా ఉంటుందని అక్కడ పెట్టుకునేది. తీసి మేడం చేతికిచ్చింది. మేడం మూత తిప్పి వాసన చూసింది. వేలి మీద ఒక చుక్క వేసుకుంది. గులాబీ రంగు, సున్నంలా చిక్కగా ఉంది. విశ్రాంతమ్మ సువార్త పుస్తకంలోంచి దవాఖాన చీటీ తీసి విప్పింది. ఒక వైపు డాక్టరమ్మ రాత, రెండో వైపు వంటిల్లు బొమ్మ. మేడం బొమ్మ చూసి, పొయ్యి చూసి, తలుపు చూసి, పొడుగు గరిటె చూసి, కుండ మీద ఆరేసిన తడిగుడ్డ చూసింది.

"ఈ సంగతి వార్డెనుకు చెప్పలేదా?"

"నెల నెలా కాయితం రాసిచ్చిన మేడం. సారు సంతకం పెట్టిండు. సొరుగుల ఉంటయ్, తీయిచ్చి చూడుండి."

"అది కాదు మేడం," అన్నాడు వెంకటప్పయ్య, "ఆ సీసా చూడండి. బ్రాందీ సీసా అది. మంచి ఆడదాని కాడ బ్రాందీ సీసా ఎందుకుంటది?"

మేడం సీసా తిప్పింది. సగం ఊడిన కాగితం మీద రంగులు ఇంకా కనిపిస్తున్నాయి. "అవును. ఈ సీసా ఎక్కడిది?"

గుమ్మం దగ్గర పిల్లలు కంచాలు పట్టుకొని నిలబడ్డారు. విశ్రాంతమ్మ వెంకటప్పయ్యను చూసింది. ఇన్నాళ్ళూ ఆ ఒక్కమాట నాలుక వెనక పెట్టుకుంది. చెబితే రేపటి నుంచి ఈ మనిషి కిందే బతకాలి. చెప్పకపోతే సీసా తనదవుతుంది. సీసా తనదైతే మిగతావన్నీ తనవే అవుతాయి.

"దవాఖానల సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలె మేడం. మా ఇంట్ల తాగేటోళ్ళు లేరు, సీసాలు లేవు. ఊడ్చేకాడ దొరికితే తెచ్చి కడుక్కున్న."

"ఎక్కడ ఊడుస్తావు?"

"వార్డెను సారు కిటికీ కింద. వారానికి నాలుగు దొరుకుతయ్. నాకొక్కటి చాలు."

పిల్లల్లో ఎవరిదో కంచం కింద పడి గుండ్రంగా తిరిగి ఆగింది. మేడం వెనక్కి తిరిగి వెంకటప్పయ్యను చూసింది. అతను మేడం చెప్పులను చూస్తున్నాడు. అతని ముఖం అప్పుడు కూడా ఎర్రబడలేదు. పొద్దున సంతకం పెట్టమన్న కాగితం సంగతి విశ్రాంతమ్మ చెబితే మేడం దాన్ని తెప్పించుకొని చదివి, నాలుగు ముక్కలు చేసి, పొయ్యిలో వేసింది.

"ముందు పిల్లలకు అన్నం పెట్టమ్మా."

విశ్రాంతమ్మ పెట్టింది. పప్పు గరిటె రెండు చేతులా పట్టుకొని వడ్డించింది. మంచిమాట విన్నందుకు ఆమెకు ఏడుపు రాలేదు. సంతోషం కూడా వెంటనే రాలేదు. తన ముఖానికి తనే సీసా చూపించి, చీటీ చూపించి, వాసన చూపించి విడుదల తెచ్చుకోవాల్సి వచ్చిందన్న కోపం మాత్రం ఆ పూటంతా ఉంది. అంట్లు తోమేటప్పుడు గుండిగ మీద చూపించింది దాన్ని. రూప్లి సాయంత్రం కట్టెలు దింపి, "గుండిగేం చేసిందక్కా?" అంది.

నాలుగు నెలలకు పర్మినెంటు కాగితం వచ్చింది. సవరయ్య దాన్ని డ్యూటీ సంచిలో పెట్టుకొని రెండు రోజులు గ్యాంగులో అందరికీ చూపించాడు. వెంకటప్పయ్యకు ఏమీ కాలేదు. అందరిలాగే రెండేళ్ళకు బదిలీ మీద పోయాడు. ఆ రెండేళ్ళూ అతని కిటికీ కింద సీసాలు దొరకలేదు, ఎక్కడ వేసేవాడో ఎవరికీ తెలియదు. విశ్రాంతమ్మ తన పాత సీసానే కడుక్కొని వాడుకుంది. మిగిలిన సగం కాగితాన్ని మాత్రం గీకడం మానేసింది. ఉండనీ అంది.

ముఖం మీది ఎరుపు పూర్తిగా పోలేదు. ఎండాకాలం రాగానే, మిరపకాయల రోజుల్లో, ఎవరన్నా నోరు పారేసుకున్నప్పుడు రేగేది. డాక్టరమ్మ గొట్టాలు తగ్గించి, పెంచి, మళ్ళీ తగ్గించింది. వాటి మధ్య తడిగుడ్డ, కలబంద, పొడుగు గరిటె. పద్మావతమ్మ మళ్ళీ ఒకసారి శనగపిండి, తేనె అంటూ వచ్చింది. "అమ్మగారూ, ముందు మీ మోచేతికి పూసుకొని రెండు రోజులు చూడుండి" అంది విశ్రాంతమ్మ. పద్మావతమ్మ పాలు పోసి వెళ్ళిపోయింది.

ఊరు కూడా మాట మానలేదు. కాస్త మార్చుకుంది అంతే. ఇప్పుడు మేడంకే సీసా అందించి వాసన చూపించిందట, ఎంత ధైర్యమో చూడండని చెప్పుకునేవాళ్ళు. ఎక్కడ అలవాటైందంటే మాత్రం జవాబు పాతదే. వాళ్ళ గుళ్ళోనే.

కారేపల్లి దగ్గరున్న ఆ చిన్న గుళ్ళోకి విశ్రాంతమ్మ ప్రతి ఆదివారం పోయేది. ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో, ఎండ పడని చోట, కొంగు ముఖం మీదికి లాక్కొని కూర్చునేది. పూజలో ఫాదరు గిన్నె ఎత్తినప్పుడు అందరితోపాటు తలవంచేది. తర్వాత లేచి వరుసలో నిలబడి నోరు తెరిస్తే ఫాదరు నాలుక మీద పలచటి తెల్లటి అప్పం పెట్టేవాడు. ఆ గుళ్ళో జనానికి ఇచ్చేది అదొక్కటే. గిన్నెలోని ద్రాక్షరసం ఫాదరు ఒక్కడే తాగి, గిన్నె తుడిచి, బోర్లించేవాడు.